కొండ నిండా చుక్కకూర

ఒక ఈము పక్షి నా పరువు తీసింది. ఈ మాటంటే మా ఆయన ఒప్పుకోరు. "అది తియ్యలేదు, నువ్వే మూటగట్టి దాని ముందు పెట్టావు" అంటారు. జరిగింది జరిగినట్టు చెప్తాను, టీ తాగుతూ వినండి. తప్పెవరిదో మీరే తేల్చుకోండి. తేల్చాక నాకు మాత్రం చెప్పకండి.

మా అమ్మాయి కెజియా ఇప్పుడు ఇయర్ సిక్స్. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఈ ఏడాది దాన్ని స్కూల్లో ఎన్విరాన్‌మెంట్ కెప్టెన్ చేశారు. అప్పట్నుంచి మెల్‌బోర్న్ పాయింట్ కుక్‌లో మా ఇంటికి అదే కలెక్టరు. ఏ బిన్‌లో ఏం వెయ్యాలో, షవర్‌లో ఎంతసేపు ఉండాలో, అన్నీ దాని ఆర్డర్ ప్రకారమే. టర్మ్ ఫోర్‌లో క్లాసు ముందు నిలబడి ఏదో ఒక నేషనల్ పార్క్ గురించి చెప్పాలట. అక్కడి మొక్కలు, జంతువులు, రాళ్లు. మిగతా పిల్లలంతా నెట్‌లో చూసి చేసేస్తారు, నేను మాత్రం స్వయంగా వెళ్లి నా ఫొటోలతోనే చేస్తాను అని కూర్చుంది. ముచ్చటేసింది. సెప్టెంబర్ హాలిడేస్‌లో సౌత్ ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ రేంజెస్‌కి బయల్దేరాం.

చాలా దూరం. పొలాలు అయిపోయి, ఊళ్లు అయిపోయి, చివరికి చెట్లు కూడా అయిపోయి ఎర్రమట్టి మొదలవుతుంది. మనవాళ్లం ఎక్కడికెళ్లినా సగం వంటిల్లు వెంట వస్తుంది కదా. కారు బూట్‌లో రైస్ కుక్కర్, కందిపప్పు, పోపుల డబ్బా, గోంగూర పచ్చడి. మా ఆయన బట్టల బ్యాగ్ వెనక సీట్లో కెజియా కాళ్ల దగ్గర.

పార్క్ మొదట్లో ఒక బోర్డు ఉంది. కెజియా అక్కడ కారాపించి మమ్మల్నిద్దర్నీ దింపింది. ఆకు తెంపం, పువ్వు కొయ్యం, రాయి ఏరుకోం అని చేతులెత్తించి ప్రామిస్ చేయించింది. దానికి కారణం ఉంది. పోయిన సమ్మర్‌లో బీచ్‌కి వెళ్లినప్పుడు గుండ్రటి నున్నటి రాయొకటి కనబడితే, అల్లం వెల్లుల్లి దంచుకోవడానికి బాగుంటుందని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకొచ్చాను. అది తెలిశాక ఆ రాయితో దంచిన మసాలా పడిన కూర ఏదీ మా పిల్ల ముట్టుకోలేదు. అంతటి మనిషి అది. ఈసారి నా వైపు తిరిగి స్పెషల్‌గా అడిగింది, "అమ్మా, ప్రామిస్?" అని. ప్రామిస్ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, నమ్మండి.

పార్క్ అద్భుతంగా ఉంది. నీళ్లు లేని వాగుల్లో ఇద్దరు ముగ్గురు చేతులు కలిపినా అందనంత లావు గమ్ చెట్లు, అదే, యూకలిప్టస్. ఎర్రటి రాతికొండలు పొరలు పొరలుగా ఒకవైపు ఒరిగి ఉంటాయి. అచ్చం మడతకాజాలా ఉన్నాయన్నాను. "నాట్ ఎవ్రీథింగ్ ఈజ్ ఫుడ్, అమ్మా" అంది కెజియా. ఇంతోటి కొండలకి ఇంత డ్రైవింగ్ ఎందుకు, మా మంగళగిరిలో లేవా అన్నారు మా ఆయన. ఆయన్ని కూడా కోప్పడింది. కొండల మధ్య ఒక ఇరుకు లోయలో పసుపు కాళ్లు, చారల తోక ఉన్న వాలబీ, అంటే చిన్న కంగారూ లాంటిది, రాళ్ల మధ్య కూర్చుని మమ్మల్ని చూస్తోంది. అది కదిలేదాకా మమ్మల్ని ఊపిరి కూడా గట్టిగా పీల్చుకోనివ్వలేదు మా పిల్ల. ఎడారిలో ఎర్రటి పువ్వు మధ్యలో నల్లటి కన్ను ఉండే తీగొకటి ఉంటుంది, దాని ముందు బోర్లా పడుకుని ఫొటోలు తీసింది. నేను దేని జోలికీ పోలేదు. చేతులు కట్టుకునే తిరిగాను.

రెండోరోజు పొద్దున వచ్చింది అసలు ఇబ్బంది. ఒక మలుపు తిరగ్గానే కొండ వాలంతా ఎర్రగా, గులాబీ రంగులో నిండిపోయి కనబడింది. నిజంగా గుండె ఆగినంత పనైంది. రోడ్డు పక్కన ఇంకో రెండు కార్లు ఆగి ఉన్నాయి, అందులోవాళ్లు కూడా ఫొటోలు తీసుకుంటున్నారు. కెజియా కారు పూర్తిగా ఆగకముందే దిగి పరిగెత్తింది. దాని వెనకే నేనూ వెళ్లాను. దగ్గరికెళ్లి చూద్దును కదా, అవి పువ్వులు కావు. పల్చటి కాగితం లాంటి ఎర్రటి తిత్తులు, లోపల గింజలు. కింద దళసరిగా, లేతపచ్చగా ఆకులు. ఆ ఆకుని ఎక్కడో చూశానే అనుకున్నాను. ఎక్కడో ఏంటి, తెనాలిలో మా పెరట్లో! మా అమ్మ చుక్కకూర మడిలో విత్తనానికని రెండు మొక్కలు వదిలేసేది. అవి ముదిరితే ఇట్లాంటి ఎర్ర తిత్తులే వచ్చేవి.

అనుమానం తీరాలిగా. అటూ ఇటూ చూసి చిన్న ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. పులుపు! అదే పులుపు. నాలుక మీద పడగానే కళ్లు మూసుకుపోయాయి. చుక్కకూర తిని ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. మెల్‌బోర్న్‌లో గోంగూర దొరుకుతుంది కానీ మన షాపుల్లో చుక్కకూర నాకెప్పుడూ కనబళ్లేదు. పోయినసారి ఇండియా నుంచి వచ్చేటప్పుడు విత్తనాల పొట్లం తెచ్చాను. ఎయిర్‌పోర్ట్‌లో బుద్ధిగా డిక్లేర్ చేశాను, అక్కడి ఆఫీసర్లు అంతకన్నా బుద్ధిగా తీసి బిన్‌లో వేశారు. ఇక్కడ చూస్తే కొండకి కొండే చుక్కకూర.

అప్పుడే కెజియా కెమెరా పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఏం నములుతున్నావు అనడిగింది. సోంపు అన్నాను. అదృష్టం, చూపించమనలేదు. ఫొటో చూపించి, ఇదే తన మొదటి స్లైడ్ అని చెప్పింది. "నేటివ్ వైల్డ్‌ఫ్లవర్ ఆఫ్ ద డెజర్ట్" అని పెద్దక్షరాలతో పెడుతుందట. ఎలా ఉంది అమ్మా అంది.

ఇదిగో, ఇక్కడ చేశాను అసలు తప్పు. తల్లీ, ఇది పువ్వు కాదు, చుక్కకూర, మనం పప్పులో వేసుకునేది, ఇక్కడికి ఎలా వచ్చిందో కనుక్కో అని చెప్పాలి. చెప్తే ఏమవుతుంది? పులుపంటే నాకెంత ప్రాణమో దానికి తెలుసు, ఆ రోజంతా నా చేతులకి కాపలా కాస్తుంది. అందుకని, "చాలా బాగుంది బంగారం" అన్నాను. నవ్వుకుంటూ వెళ్లిపోయింది. చుక్కకూర పప్పు కళ్లముందు ఆడుతుంటే ఇంకేం గుర్తుంటుంది చెప్పండి.

కాస్త దూరంలో రోడ్డు పక్కన ఒక బల్లి కనబడింది. బల్లంటే చిన్నది కాదు, బొద్దుగా లావుగా, తోక ఏదో తల ఏదో తెలీకుండా ఉంటుంది. కెజియా దాని ముందు కూర్చుండిపోయింది. ఇదే అదను. కారులోంచి ఖాళీ బియ్యం సంచి తీశాను. సోనామసూరి సంచి, జిప్పు ఉంటుంది చూడండి, అది. మా ఆయన్ని కాపలా పెట్టాను. ఆయన ముఖం పాలిపోయింది. మన సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉందే, ఆకుకూర కేసులో ఇరుక్కుంటామా అన్నారు. పప్పు తింటారా వద్దా అన్నాను. అటు తిరిగి కాపలా కాశారు. అంతకు ముందురోజు నుంచీ పెరుగన్నం, పచ్చడితో నెట్టుకొస్తున్నాం మరి.

లేత చిగుళ్లు మాత్రమే కోద్దామనుకున్నాను. అన్నీ ముదిరి ఉన్నాయి, కోస్తే తిత్తులతో సహా వస్తున్నాయి. మేం దిగిన క్యాబిన్‌కి వెళ్లాక తీరిగ్గా ఒలుచుకోవచ్చులే అని కొమ్మలు కొమ్మలుగానే కుక్కాను. జిప్పు పట్టలేదు. పైన నా చున్నీ కప్పాను.

మధ్యాహ్నం ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం. గమ్ చెట్ల కింద టేబుళ్లు, కూర్చునే బల్లలు ఉన్నాయి. సంచి కారులో ఎండకి వాడిపోతుందని తెచ్చి నా బల్ల కింద పెట్టుకున్నాను. ఎవరైనా నన్నడిగితే అక్కడే నా తెలివి తెల్లారింది అంటాను. పులిహోర, పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్లు సర్దాను. దూరంగా రెండు ఈములు తిరుగుతున్నాయి. కెజియా వాటికేమీ పెట్టకూడదు అని ముందే హెచ్చరించింది.

మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన చేస్తాం, మీకు తెలుసు. మా ఆయన ప్రార్థన ఎంత పొడుగో కూడా తెలుసు. మామూలు రోజుల్లోనే కూర చల్లారుతుంది. ఆ రోజు ఇంకా సాగదీశారు. ప్రయాణంలో తోడుగా ఉన్నందుకు స్తోత్రం, కొండల్ని సృష్టించినందుకు స్తోత్రం, కారు టైర్లు కాపాడినందుకు స్తోత్రం. తర్వాత గొంతు కొంచెం పెంచి, "మాలో ఎవరైనా తెలిసి చేసిన తప్పు ఏదైనా ఉంటే క్షమించు ప్రభువా" అన్నారు. నాకోసమే అని అర్థమైంది. అయినా కళ్లు మూసుకునే ఉన్నాను. నా కాళ్ల దగ్గర ఏదో కదిలినట్టయింది. ప్రార్థన మధ్యలో కళ్లు తెరవకూడదని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్పారు. నేర్పింది నేర్పినట్టు పాటించాను.

కళ్లు తెరిచేసరికి ఈము బియ్యం సంచి నోట కరుచుకుని టేబుళ్ల మధ్య నడిచిపోతోంది. సంచి మీద నా చున్నీ వేలాడుతోంది. నేను లేచి హుష్ హుష్ అన్నాను. తెనాలి కోళ్లు ఆ మాటకి నోట్లోది వదిలేసి పారిపోతాయి, ఈము సంచితో సహా పరుగందుకుంది. పరిగెడుతూనే సంచిని ఒక్క విదిలింపు విదిల్చింది, ఇంకో విదిలింపు విదిల్చింది. సరిగ్గా అప్పుడే గాలి. ఎర్రటి తిత్తులు టెంట్ల మీద, కార్ల మీద, ఎవరిదో శాండ్‌విచ్ మీద, క్యాంప్‌గ్రౌండ్ అంతా కల్యాణంలో అక్షింతలు పడ్డట్టు పడ్డాయి. ఈము తీరిగ్గా నాలుగు ఆకులు తిని, నచ్చలేదేమో, సంచి అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

టాయిలెట్ బ్లాక్ పక్కనుంచి రేంజర్ ఒకామె వచ్చారు. పొడుగ్గా, టోపీ పెట్టుకుని ఉన్నారు. ఒక చేతిలో చుక్కకూర కొమ్మ, ఇంకో చేతిలో నా చున్నీ. ఇది మీదేనా అని మా టేబుల్ దగ్గరికే వచ్చి అడిగారు. చుట్టుపక్కల సల్వార్ కమీజ్ వేసుకున్నది నేనొక్కదాన్నే మరి.

నేను నోరు తెరిచేలోపు కెజియా లేచి నిలబడింది. "మై మమ్ వుడ్ నెవర్. షీ ప్రామిస్డ్" అంది. ఎంత ధీమాగా అందంటే, ఆ రేంజర్ నిజంగానే సారీ చెప్పి వెనక్కి తిరగబోయారు.

అప్పుడు నేను పడ్డ సిగ్గు మాటల్లో చెప్పలేను. చున్నీ ఎగిరిపోయిందని ఒక్క మాటంటే బయటపడిపోయేదాన్ని. మా ఆయన పెరుగన్నం వైపు చూస్తున్నారు. కెజియా నావైపు కూడా చూట్లేదు, రేంజర్ వైపే చూస్తోంది, అంత నమ్మకం. నావల్ల కాలేదు. "అది నాదే" అన్నాను. "కోసింది నేనే."

కెజియా మెల్లిగా కూర్చుంది. ఏడ్చినా బాగుండేది.

రేంజర్ నన్ను తిట్టలేదు. ఇది ఇక్కడి మొక్క కాదు, ఎప్పుడో బయట నుంచి వచ్చి పడిన కలుపు, కొండలన్నీ ఆక్రమించేసింది, పీకలేక చస్తున్నాం అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కలుపైతే పీకడం మంచిదేగా అన్నాను. మంచిదే, కానీ అడిగి పీకాలి, పైగా గింజలతో సహా ఊళ్లు తిప్పకూడదు అన్నారు. వాలంటీర్లు కష్టపడి ఈ ఒక్క క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక్క మొక్క కూడా లేకుండా చేశారట. ఆ మాట చెప్పి చుట్టూ చూశారు. నేనూ చూశాను. టెంట్ల తాళ్లకి కూడా తిత్తులు అంటుకుని ఉన్నాయి.

చెత్త సంచులిచ్చారు. ఇంకేం చేస్తాం, మా ఆయనా నేనూ మోకాళ్ల మీద పాకుతూ ఏరాం. అట్లాంటి పల్చటి తిత్తి ఏరడం ఎలా ఉంటుందో తెలుసా? వేలు దగ్గరకి తీసుకెళ్తే గాలికి జరుగుతుంది. టెంట్‌లో పడుకున్న ఒకాయన్ని లేపి, సారీ, మీ టెంట్ మీద నా కూర పడింది అని చెప్పాల్సొచ్చింది. శాండ్‌విచ్ ఆవిడ మాత్రం పుల్లగా బాగానే ఉంది అన్నారు. రేంజర్ కూడా మాతోపాటే ఏరుతూ, దీన్ని మీరెలా వండుతారు అనడిగారు. అడిగాక ఊరుకుంటానా? కందిపప్పు ఎంతసేపు ఉడకాలి, పచ్చిమిరపకాయలు ఎప్పుడు వెయ్యాలి, మొత్తం మోకాళ్ల మీదే చెప్పాను. ఇంగువ మర్చిపోయావని మా ఆయన పక్కనుంచి అందించారు.

కెజియా దూరంగా ఒక రాయి మీద కూర్చుంది. చాలాసేపటికి లేచొచ్చి నా పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టింది. నేను కళ్లెత్తలేదు.

"యూ న్యూ?" అంది. ఫొటో చూపించినప్పుడే అది పువ్వు కాదని నీకు తెలుసా అని.

చుక్కకూర అని తెలుసు, ఇక్కడిది కాదని తెలీదు అన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. తెనాలి పెరటి మొక్క ఎడారి కొండ మీద పుట్టదని నాకు తెలీదా? కెజియా ఏరడం ఆపింది. అందరి ముందు నిలబడి నేటివ్ ఫ్లవర్ అని చెప్పేదాన్ని, నువ్వు చెప్పనిచ్చేదానివా అనడిగింది, ఇంగ్లీషులోనే, మెల్లిగా. సారీ తల్లీ అన్నాను. "పప్పు కోసమా?" అంది. అదొక్కటే తెలుగులో అంది. అవునన్నాను. తలూపింది. మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

ఒక్క ఆకు కూడా మిగలకుండా అంతా సంచుల్లో కట్టి రేంజర్‌కి ఇచ్చేశాం. పప్పు లేదు, ఏమీ లేదు. ఎండిపోయిన పులిహోర తిన్నాం. తిరుగు ప్రయాణంలో కెజియా నాతో మామూలుగానే మాట్లాడింది, కానీ కారాపిన ప్రతిచోటా నేను ఎక్కేముందు నా జేబుల వైపు చూసేది.

మొన్న శుక్రవారం క్లాసులో ప్రెజెంటేషన్. పేరెంట్స్‌ని కూడా పిలిచారు. మొదటి స్లైడ్‌లో ఆ ఎర్ర కొండే ఉంది, కానీ కింద "ఇది నేటివ్ కాదు, దీన్ని మా ఇంట్లో చుక్కకూర అంటారు" అని రాసుకుంది. పలకడం కూడా చక్కగా పలికింది. ఈ మొక్క ఎలా పాకిందో, వాలంటీర్లు ఎలా పీకుతున్నారో అన్నీ చెప్పింది. మా ఆయన ఫోన్‌తో వీడియో తీస్తున్నారు. నాకు కళ్లు చెమర్చాయి. హమ్మయ్య, ఈ తల్లి తప్పుని మా పిల్ల మంచిగా మార్చుకుంది అనుకుంటున్నాను.

తర్వాతి స్లైడ్ "థ్రెట్స్ టు ద పార్క్". అంటే పార్క్‌కి పొంచి ఉన్న ప్రమాదాలు. నాలుగు ఫొటోలు, ప్రమాదం ఎక్కువ నుంచి తక్కువకి. మొదట అడవి మేకలు. రెండోది కుందేళ్లు. మూడోది నేను, మోకాళ్ల మీద, ఒక చేత్తో చెత్త సంచి, మెడలో దుమ్ముకొట్టుకుపోయిన చున్నీ. నాలుగోది నక్క. ఆ ఫొటో ఎప్పుడు తీసిందో నాకు తెలీదు. క్లాసంతా వెనక్కి తిరిగి నన్నే చూశారు. ఒక పిల్లాడు చెయ్యెత్తి, ఆమెని పట్టుకున్నారా లేదా అనడిగాడు. టీచర్ చేతిలో ఉన్న కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

కారెక్కాక ఇంక ఉండబట్టలేక అడిగాను. ఫొటో పెడితే పెట్టావు, సరే. నక్క వాలబీ పిల్లల్ని తింటుందని నువ్వే చెప్పావు కదా, నన్ను దానికన్నా పైన ఎందుకు పెట్టావే అని. కెజియా సీట్ బెల్ట్ పెట్టుకుంటూ చాలా మామూలుగా చెప్పింది.

"ద ఫాక్స్ డిడ్ నాట్ ప్రామిస్, అమ్మా."

మా ఆయన స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వారు. ఇప్పుడు మా ఇంట్లో ఏ ఆకుకూర వండినా, ముద్ద నోట్లో పెట్టుకునేముందు ఇది ఎక్కడిది అని అడుగుతుంది. నిన్న చారులోకి తెచ్చిన కొత్తిమీరకి షాపు బిల్లు చూపించాను.